సుభానీ గారి మూడో పాట

2003 వేసవి. గుంటూరు కొరిటెపాడులో ఒక మేడ మీద నాకు చిన్న రికార్డింగ్ స్టూడియో ఉండేది. స్టూడియో అంటే రెండు గదులు. ఒకదాంట్లో పాడేవాళ్లు నిలబడేవారు, రెండోదాంట్లో నేనూ, మిక్సరూ, కంప్యూటరూ. రోడ్డు మీద లారీల మోత లోపలికి రాకుండా పాడే గది గోడలకు గోనెసంచులు కొట్టించి, వాటి వెనక జిన్నింగ్ మిల్లులో పనికిరాదని పారేసే దూది కూరించాను. సంచులు మిర్చి యార్డు నుంచి తెచ్చినవి. ఎన్నిసార్లు ఉతికినా ఘాటు పూర్తిగా పోలేదు. కొత్తగా వచ్చినవాళ్లు పల్లవి మధ్యలో తుమ్మేవారు.

నేను చదివింది ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా. సంగీతం నేర్చుకోలేదు గానీ చెవి ఉంది. చర్చి కాయిర్లు క్రిస్మస్ క్యాసెట్ల కోసం వచ్చేవి, భజన బృందాలు వచ్చేవి, నాటక సమాజాలు పద్యాలు రికార్డు చేయించుకునేవి. ఈ వృత్తిలో ఇన్నేళ్లూ ఎందరివో గొంతులు నా చేతుల మీదుగా వెళ్లాయి. అయినా ఎవరైనా ‘మర్చిపోలేని పని ఏది?’ అని అడిగితే నాకు చిలకలూరిపేట సుభానీ గారే గుర్తొస్తారు. ఆయన నా దగ్గర ఒక్క మాట కూడా పాడలేదు.

ఒకరోజు పొద్దున్నే ఇంటి ముందు ఆటో ఆగింది. దుప్పట్లో చుట్టిన పొడవాటి వస్తువును ఒకావిడ, ఆటో డ్రైవరూ చెరో చివరా పట్టుకుని పైకి మోసుకొచ్చారు. వాళ్ల వెనక నలభై దాటిన మనిషి ఒకాయన, కుడిచెయ్యి మీద తువ్వాలు కప్పుకుని, “మెల్లగా, గోడకి తగలనీయొద్దు” అంటూ ఎక్కాడు.

“స్టూడియో మేడం గారు మీరేనా అమ్మా?”

“నేనేనండీ. కూర్చోండి.”

“కూర్చోడం తర్వాతమ్మా. ముందు దీన్ని ప్లగ్గులో పెట్టాలి. బస్సెక్కిన కాడ్నించీ ఆఫ్‌లోనే ఉంది.”

దుప్పటి విప్పితే కీబోర్డు. అప్పటి ఆర్కెస్ట్రాల్లో అందరూ వాడే రకం, మెట్ల అంచులు వేళ్ల రాపిడికి పసుపెక్కిపోయి ఉన్నాయి. వాయించిన పాటలన్నీ లోపలే దాచుకునే సీక్వెన్సర్ ఉంది దాంట్లో. వాయించింది వాయించినట్టు గుర్తుపెట్టుకుని, మీట నొక్కితే మళ్లీ తనే వాయించే ఏర్పాటు అది. ఆ జ్ఞాపకం కరెంటు లేనప్పుడు చెరిగిపోకుండా లోపల ఒక చిన్న బిళ్ల బ్యాటరీ కాపాడుతుంది. ఈ కీబోర్డులో ఆ బ్యాటరీ అయిపోవచ్చింది.

“బ్యాటరీ లో అని పడ్డప్పట్నించీ ఇవాళ్టిదాకా ఆఫ్ చెయ్యలేదమ్మా,” అన్నాడాయన. “ఇంట్లో కరెంటు పోయినప్పుడల్లా మా ఇద్దరికీ ప్రాణం పోయినట్టుంటోంది. బ్యాటరీ మారిస్తే లోపలున్నదంతా పోద్దంట. ఫ్లాపీలోకి తీద్దామంటే ఆ డ్రైవు ఎప్పుడో చచ్చింది.”

నేను ముందు దాన్ని యూపీఎస్‌కి తగిలించాను. సుభానీ గారు ఎడమచేత్తో స్విచ్ వేశాడు. తెర మీద ‘బ్యాటరీ లో’ అన్న హెచ్చరిక వచ్చింది, పోయింది. తర్వాత ఒకదాని కింద ఒకటి మూడు పేర్లు కనిపించాయి. ఆయన భార్య జాన్‌బీ గోడకు చేరబడి, కొంగుతో మొహం తుడుచుకుని, “ఉన్నాయి,” అంది.

“ఏం పాటలండీ అవి?” అని అడిగాను.

“నావేనమ్మా. ఇరవై ఏళ్ల నుంచీ ఆర్కెస్ట్రాలో వాయిస్తన్నా. పగలు జిన్నింగ్ మిల్లు, సాయంత్రం ప్రోగ్రాము. పెళ్లిళ్లు, తిరునాళ్లు, ఉరుసులు, క్రిస్మస్సు... ఎక్కడికెళ్లినా ఎవరో కట్టిన పాటలే వాయించా. ఈ మూడే నేను కట్టుకున్నయ్యి.”

ఆయన తువ్వాలు తీశాడు. కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది. మిగతా వేళ్లు ఉండాల్సిన చోట చర్మం ఇంకా ఎర్రగా, బిగుసుకుపోయి ఉంది.

“రోలర్‌లో దూది ఇరుక్కుంటే లాగబోయాడమ్మా,” అంది జాన్‌బీ. “రోజూ లాగేదే. ఆ రోజు చెయ్యి కూడా వెళ్లిపోయింది.”

ఇక ఆ పాటలు మళ్లీ వాయించమని ఎవరం అడుగుతాం? ఆ చెయ్యి వాయించినది ఇప్పుడు ఆ పెట్టెలో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు.

మామూలుగా అయితే కీబోర్డు శబ్దాన్ని టేపు మీదకి పట్టుకుంటే సరిపోతుంది. కానీ అప్పుడు అన్ని వాయిద్యాలూ కలిసి ఒకే ముద్దగా వస్తాయి. రేపు దేన్నీ విడదీయలేం, సరిచేయలేం, కలపలేం. అందుకని మిడి దారి ఎంచుకున్నాను. మిడి కేబుల్‌లో శబ్దం రాదు. ఏ మెట్టు ఎప్పుడు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, ఆ సమాచారం మాత్రమే వస్తుంది. ఒక మనిషి వేళ్లు చేసిన పనంతా అంకెల రూపంలో కంప్యూటర్‌లోకి చేరుతుంది. ఈ సంగతి సుభానీ గారికి చెప్పాను.

“అంటే సౌండు కాదు... నా చెయ్యే వస్తదన్నమాట లోపలికి,” అన్నాడు.

“అలాగే అనుకోండి.”

కంప్యూటర్ వెనక ఆటల జాయ్‌స్టిక్ పెట్టుకునే పోర్టుకే మిడి కేబుల్ తగిలించేవాళ్లం ఆ రోజుల్లో. తగిలించి, సాఫ్ట్‌వేర్‌లో రికార్డు నొక్కి, కీబోర్డులో మొదటి పాట మొదలుపెట్టాను. స్వరాలన్నీ వచ్చాయి. కానీ తెర మీద తాళపు గీతలు ఒకచోట, స్వరాలు ఇంకోచోట. పాట నడిచే కొద్దీ ఎడం పెరిగిపోయింది. రెండు యంత్రాలూ దేని గడియారం ప్రకారం అది నడుస్తున్నాయి. పైగా సుభానీ గారు చరణం చివర వేగం తగ్గించేలా కట్టుకున్నాడు. అది కంప్యూటర్‌కి తెలిసే దారి లేదు.

“వచ్చినయ్యిగా, చాల్లేమ్మా,” అన్నాడాయన.

“ఇలా వదిలేస్తే రేపు దీని పక్కన ఒక్క డోలక్ దెబ్బ కూడా సరిగ్గా కూర్చోదండీ. సింక్ చెయ్యాలి.”

సింక్ అంటే రెండింటినీ ఒకే గడియారం మీద నడిపించడం. ఒకటి మాస్టర్, అది తాళం వేస్తుంది. రెండోది స్లేవ్, అది వింటూ వెంట నడుస్తుంది. పాట వేగం తెలిసింది కీబోర్డుకే కాబట్టి దాన్ని మాస్టర్ చేసి, కంప్యూటర్‌ని దాని మాట వినమని పెట్టాలి. కంప్యూటర్ వైపు సులభం. కీబోర్డు వైపు మాత్రం తాళం బయటికి పంపే మీట మెనూల్లో ఎక్కడో లోపల ఉంది, దాని పక్కనే మొత్తం తుడిచేసే మీట కూడా ఉంది. నేను చెయ్యి చాపగానే ఆయన ఆపాడు.

“మీరొద్దమ్మా. దీని సంగతి నాకు తెలుసు. ఏం నొక్కాలో చెప్పండి, నేను నొక్కుతా.”

ఎడమచేతి చూపుడువేలితో ఒక్కొక్క మీటా నొక్కుతూ, నొక్కిన ప్రతిసారీ తెర చదివి నాకు వినిపిస్తూ వెళ్లాడు. ‘క్లాక్ అవుట్ ఆన్’ అని పడగానే మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి కీబోర్డు కదలగానే కంప్యూటర్ దానంతటదే కదిలింది. చరణం చివర కీబోర్డు నెమ్మదిస్తే ఇదీ నెమ్మదించింది. స్వరాలు గీతల మీద వచ్చి కూర్చున్నాయి. మొదటి పాట అయింది, సేవ్ చేశాను. రెండో పాట అయింది, సేవ్ చేశాను. సుభానీ గారు రెండు పాటలూ కిటికీ వైపు తిరిగే విన్నాడు.

మూడో పాట మొదలుపెట్టబోతుంటే కరెంటు పోయింది.

ఫ్యాన్ ఆగింది. స్పీకర్లు మూగబోయాయి. కంప్యూటర్, కీబోర్డు మాత్రం యూపీఎస్ మీద వెలుగుతున్నాయి. యూపీఎస్ బీప్ బీప్‌మని అరవడం మొదలుపెట్టింది. అదీ పాతదే. ఎంతసేపు మోస్తుందో నాకే నమ్మకం లేదు. కోత ఎంతసేపో ఎవరికీ తెలియదు.

“సుభానీ గారూ, రెండు దార్లున్నాయి. కంప్యూటర్ ఆపేస్తే కీబోర్డు ఒక్కటే ఇంకొంచెం ఎక్కువసేపు నిలబడుతుంది, కరెంటు వచ్చేదాకా చూడొచ్చు. లేదంటే ఇప్పుడే తీసేద్దాం. మధ్యలో యూపీఎస్ పోతే మాత్రం మూడో పాట ఇక్కడా అక్కడా రెండుచోట్లా పోవచ్చు.”

ఆయన జాన్‌బీ వంక చూశాడు. ఆమె, “మళ్లీ కూర్చుని ఎదురుచూడటం నావల్ల కాదయ్యా,” అంది.

“కానీయండమ్మా,” అన్నాడు.

యూపీఎస్ మీద బరువు తగ్గుతుందని మానిటర్ ఆపేశాను. రికార్డు అవుతోందో లేదో ఇక కంటికి కనిపించదు. ఆయన కీబోర్డు మీద ప్లే నొక్కాడు. గదిలో శబ్దం లేదు. కీబోర్డు చిన్న తెర మీద తాళం అంకెలు మారుతున్నాయి, అంతే. హెడ్‌ఫోన్ ఒకటి కీబోర్డుకి తగిలించి ఆయనకిచ్చాను. ఆయన తీసుకోలేదు.

“నాకక్కర్లేదు. తనకివ్వండి. ఈ పాట తను వినలేదు. పూర్తయ్యాక వినిపిద్దామనుకున్నా.”

జాన్‌బీ హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకుంది. సుభానీ గారు ఎడమచేత్తో మోకాలి మీద తాళం వేస్తున్నాడు. ఆయనకు వినపడనే అక్కర్లేదు, పాట ఎక్కడుందో ఆ చేతికి తెలుసు. ఉక్కపోతకు ముగ్గురికీ చెమటలు కారుతున్నాయి. బయట ఎవరో సైకిల్ బెల్లు కొడుతూ వెళ్లారు. బీప్‌ల మధ్య ఎడం తగ్గుతోంది. నేను అంకెల వైపు చూడటం మానేసి ఆమె మొహం చూస్తూ కూర్చున్నాను. ఒకచోట ఆమె పెదాలు బిగపట్టింది. ఇంకోచోట కళ్లు తెరిచి భర్త వైపు చూసి మళ్లీ మూసుకుంది.

అంకెలు ఆగాయి. నేను సేవ్ చేసే మీటలు చీకటి తెర ముందే, అలవాటు మీద నొక్కాను. డిస్కు గరగరమని తిరిగి ఆగింది. కంప్యూటర్‌ని మూసేశాను. ఆ తర్వాత కాసేపటికి యూపీఎస్ ఒక్క పెద్ద కూత పెట్టి చచ్చింది. కీబోర్డు తెర ఆరిపోయింది.

జాన్‌బీ హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుని, “ఎడం చెయ్యి లేదేంటి దాంట్లో?” అని అడిగింది.

“ఏంటి?” అన్నాడు సుభానీ గారు.

“నువ్వు ఏ పాటకైనా కింద ఎడంచేత్తో వాయిస్తావుగా. మూడో పాటలో అది లేదు. వట్టి కుడిచెయ్యే ఉంది.”

ఆమెకు సంగీతం రాదు. ఇరవై ఏళ్లు ఆయన సాధన చేస్తుంటే పక్కన వంట చేసిన మనిషి, అంతే. సుభానీ గారు తల వంచుకున్నాడు. “అది తర్వాత వాయిద్దామని వదిలేశా,” అన్నాడు. “ఆ ఆదివారం కూర్చుందామనుకున్నా. గురువారమే మిల్లులో...”

మధ్యాహ్నం దాటాక కరెంటు వచ్చింది. ముందు ఆయన కీబోర్డు స్విచ్ వేశాడు. హెచ్చరిక వచ్చి పోయింది. పేర్లు రాలేదు. మూడు వరసలూ ఖాళీ. ఆయన ఎడమచెయ్యి స్విచ్ మీదే ఉండిపోయింది.

నేను కంప్యూటర్ ఆన్ చేశాను. అది లేవడానికి పట్టే సమయం అంత పొడుగని నాకు అంతకుముందు తెలియదు. మొదటి ఫైలు తెరిచాను, ఉంది. రెండోది ఉంది. మూడోది తెరుస్తుంటే నా వెనక జాన్‌బీ ఏదో దువా చదువుకుంటోంది. తెర మీద స్వరాల చుక్కలు పరుచుకున్నాయి, మొదటి నుంచి చివరిదాకా. మిడి కేబుల్ రెండోవైపు తగిలించి ప్లే నొక్కాను. కంప్యూటర్ చెబుతుంటే ఆ కీబోర్డే, తను మరిచిపోయిన పాటను మళ్లీ వాయించింది. సుభానీ గారు ఈసారి కిటికీ వైపు తిరగలేదు. కీబోర్డు ముందు కూర్చుని, కదలని మెట్ల వైపు చూస్తూ విన్నాడు. విన్నంతసేపూ ఏడ్చాడు.

కీబోర్డులో ఇక పోయేదేమీ లేదు కాబట్టి బ్యాటరీ నేనే మార్చి ఇచ్చాను. వెళ్లేముందు అడిగాను.

“ఆ ఎడమచేతి వాద్యం ఇప్పుడు వాయించకూడదా? రికార్డు చేసి కలుపుదాం.”

“నాకిప్పుడు వాయించడం రాదమ్మా. ఆస్పత్రి నుంచి వచ్చాక దీన్ని ముట్టుకోలా.”

“ఎడం చేతికేమైంది?” అంది జాన్‌బీ. “బానే ఉందిగా. అన్నం తింటన్నావు దాంతోనే. ఒక పాట వాయించలేదా?”

ఆయన తువ్వాలు మళ్లీ కుడిచెయ్యి మీద కప్పుకున్నాడు. కానీ కొద్ది వారాలకు ఇద్దరూ మళ్లీ వచ్చారు. ఇంట్లో సాధన చేశాడట.

మామూలు పద్ధతిలోనే పెట్టాను. కంప్యూటర్ మాస్టర్. పాత కుడిచెయ్యి మోగుతుంటే, చెవిలో క్లిక్, అంటే టిక్కుటిక్కుమనే తాళం, వింటూ ఆయన ఎడమచేత్తో వాయించాలి. మొదటి పల్లవికే వెనకబడ్డాడు. మళ్లీ మొదలుపెట్టాం. మళ్లీ వెనకబడ్డాడు. వేగం కొంచెం తగ్గించాను. అప్పుడు కొన్నిచోట్ల ఆయనే ముందుకు పోయాడు, కొన్నిచోట్ల ఆగిపోయాడు. బిగుసుకుపోయిన భుజం, ఎన్నో నెలలు పని లేని వేళ్లు. పైగా విన్న ప్రతిసారీ ఆ పాత వాద్యంలోని నేర్పు ఆయన్ని కుంగదీస్తోంది. చివరికి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టేశాడు.

“వాడు నన్ను ఆగనివ్వట్లేదమ్మా.”

“ఎవరండీ?”

తెర మీది చుక్కలు చూపించాడు. “ఆ కుడిచేతోడు. వాడికి వేళ్లున్నాయి, పోతన్నాడు. నేను అందుకోలేను.”

నాకు తెలిసిన పరిష్కారం ఒకటుంది. దాని పేరు క్వాంటైజ్. తడబడిన స్వరాలన్నిటినీ యంత్రమే లాగి తాళపు గీతల మీద కూర్చోబెడుతుంది. వినేవాళ్లకు తేడా తెలియదు. ఆ మీట మీదకి నా చెయ్యి వెళ్లింది కూడా. కానీ అలా చేస్తే ఆ ఎడమచెయ్యి ఆయనది కాకుండా పోతుంది. జిన్నింగ్ మిల్లు మిగిల్చిన చెయ్యి అది. దాన్ని కూడా నేను యంత్రానికి అప్పగించాలా అనిపించింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“సుభానీ గారూ, క్లిక్ ఆపేస్తున్నా. పాత పాట కూడా వినిపించను. మీకు ఎలా తోస్తే అలా, ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగి, ఎడమచెయ్యి ఒక్కటే వాయించండి. మనసులో పాడుకుంటూ వాయించండి.”

“తాళం తప్పుతదమ్మా.”

“తప్పనీయండి.”

ఆయన వాయించాడు. నెమ్మదిగా, అడుగులో అడుగు వేసుకుంటూ. ఒకచోట తర్వాత ఏముందో మరిచిపోయినట్టున్నాడు, ఒక స్వరం మీద చాలాసేపు నిలబడిపోయాడు. అది దొరికాక మళ్లీ కదిలాడు. చివరిదాకా వాయించి, చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నమంతా ఆయన పక్కన కూర్చుని ఒక్కొక్క దెబ్బ ఎక్కడ పడిందో చెబితే, నేను తెర మీద గుర్తు పెడుతూ వెళ్లాను. దాన్ని టెంపో మ్యాప్ అంటారు. పాట వేగం ఏ క్షణంలో ఎంత ఉండాలో కంప్యూటర్‌కి చెప్పే పటం లాంటిది. ఆ పటం ఇప్పుడు ఆయన ఎడమచెయ్యి గీసింది. రాగం తీసే పాత కుడిచెయ్యి అంతా అంకెలే కనుక, పటం ఎలా చెబితే అలా నడుస్తుంది. స్పీకర్లో వచ్చిన శబ్దమే టేపు మీదకి పట్టుకుని ఉంటే ఈ పని అప్పట్లో నాకు చేతనయ్యేది కాదు.

రెండూ కలిపి ప్లే నొక్కాను. ఎడమచెయ్యి అడుగు వేసింది, కుడిచెయ్యి దానితో పాటే అడుగు వేసింది. ఇది నెమ్మదిస్తే అదీ నెమ్మదించింది. ఆయన మరిచిపోయి నిలబడిన చోటు వచ్చింది. ఆ పొడుగాటి స్వరం మోగుతూనే ఉంది. పైన కుడిచెయ్యి కూడా తన స్వరాన్ని పట్టుకుని అలాగే నిలబడింది. ఎడమచెయ్యి కదిలాక మాత్రమే, మెత్తగా కిందికి దిగి దానితో కలిసింది.

జాన్‌బీ చేత్తో నోరు మూసుకుంది.

“ఆ ఆగినచోటు మళ్లీ వాయిస్తారా? అది ఒక్కటీ సరిచేద్దాం,” అన్నాను.

సుభానీ గారు తెర మీద ఆ స్వరం వైపు చూశాడు. “వద్దమ్మా,” అన్నాడు. “ఆగాడుగా నాకోసం. ఉండనీయండి.”

ఆయన మళ్లీ వేదిక మీద కీబోర్డు వాయించలేదు. ఆర్కెస్ట్రావాళ్లు ఆయన్ని వదులుకోలేదు, మిక్సర్ దగ్గర కూర్చోబెట్టారు. ఎవరి గొంతు ఎంత ఎత్తులో ఉండాలో చూసే పని, ఎడమచేత్తో చేసుకోవచ్చు. తర్వాతి ఏడాది జాన్‌బీ వాళ్ల చుట్టాల పెళ్లికి గుంటూరు వచ్చినప్పుడు పైకి వచ్చి చెప్పింది. ఏ ఊళ్లో ప్రోగ్రాం అయినా, జనం ఇంకా వస్తూ, చాపలు పరుచుకుంటూ, పిల్లల్ని పిలుచుకుంటూ ఉండగా, గాయకులు స్టేజీ ఎక్కేముందు ఆయన ఆ పాటే పెడతాడట. అది ఎవరి పాటని ఇంతవరకూ ఎవరూ అడగలేదట.

“మరి ఆయనకి బాధగా ఉండదా?” అన్నాను.

“లేదమ్మా. జనం కూర్చునేటప్పటికి అయిపోద్ది. ఆయనకదే ఇష్టం.”

అంతకుముందు నా స్టూడియోలో తాళం ఎప్పుడూ యంత్రానిదే. పాడేవాళ్లు వెనకబడితే, మళ్లీ పాడమనేదాన్ని. క్లిక్ వినండి, క్లిక్ వినండి అని రెండు గదుల మధ్య అద్దం అవతల నుంచి చెబుతూ ఉండేదాన్ని. సుభానీ గారి తర్వాత కూడా క్లిక్ వాడాను, నూటికి తొంభై పాటలకు అదే సరైన దారి. కానీ ఎవరైనా పదే పదే తడబడుతుంటే ఇప్పుడు ముందు హెడ్‌ఫోన్ తీసెయ్యమంటాను. చీమకుర్తి క్వారీలో దుమ్ము పీల్చి ఊపిరి చాలని ఒక ముసలాయన తత్వాలు పాడటానికి వచ్చాడు. ప్రతి పాదానికీ ఆగి గాలి పీల్చుకునేవాడు. ఆయన్ని ఆయన ఊపిరి ప్రకారమే పాడనిచ్చి, తబలా, హార్మోనియం ఆ ఊపిరి వెంట నడిచేలా కూర్చాను. పని రెట్టింపయింది. పాట మాత్రం ఆయనదిగానే మిగిలింది.

రెండు యంత్రాలను కలిపేటప్పుడు ఏది మాస్టరో ఏది స్లేవో ముందే తేల్చుకోవాలని మా పనిలో మొదటి రోజే నేర్పుతారు. ఒకవైపు మనిషి ఉన్నప్పుడు ఎవరు ఎవరికోసం ఆగాలో నాకు నేర్పింది సుభానీ గారి ఎడమచెయ్యి.